దండెం మీద టర్కీ కోడి

ఆ రోజుల్లో మా ఆర్మూర్ దిక్కు అబద్ధం ఆడడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు, పాస్‌పోర్ట్ ఉంటే చాలు. గల్ఫ్ నుంచి దిగిన ప్రతివాడూ అక్కడ ఏదో ఒకదానికి ఇంచార్జే. ఒంటెలు కాసినవాడు ఫారం మేనేజర్, ఇసుక ఊడ్చినవాడు సైట్ సూపర్‌వైజర్, సిమెంటు బస్తాలు మోసినవాడు స్టోర్ కీపర్. వినేవాళ్లకు నిజం తెలియక కాదు. ప్రతి ఇంట్లో పోయి వచ్చినవాడో, పోవడానికి సంచి సర్దుకున్నవాడో ఒకడు ఉండేవాడు కాబట్టి ఒకరి అబద్ధాన్ని ఇంకొకరం కాపాడుకునేవాళ్లం. అదొక సహకార సంఘం అనుకోండి. నేనూ అందులో సభ్యుడినే. మూడేళ్లు కువైట్‌లో ఒక కంపెనీ క్యాంపు వంటశాలలో గిన్నెలు తోమి, అక్కడ యుద్ధం లొల్లి మొదలైతే ఒక్క చేతిసంచితో పసుపు మార్కెట్ వెనుక గల్లీలో ఉన్న మా ఇంటికి చేరి, "నేను అక్కడ హెడ్ కుక్" అని చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు నోట్లోనే చేదవుతుంది. అందుకే ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే గిన్నెలు తోమడం ఒక్కటే నా పని అనడం కూడా అన్యాయమే. ఏడాదికొకసారి డిసెంబర్‌లో అక్కడి తెల్లదొరల క్రిస్మస్ పండుగ వచ్చేది, ఆ పండుగకు టర్కీ కోళ్లు దిగేవి. టర్కీ అంటే మన కోడికి పెద్దనాయన. బలిసిందైతే పది కిలోలు తూగుతుంది, మెడ కింద ఎర్రటి తోలు వేలాడుతుంది, చూపు మాత్రం మా స్కూలు హెడ్‌మాస్టర్ చూపు. దాని మాంసం ఒట్టి పొడి సరుకు. నేరుగా నిప్పు మీద పెడితే గడ్డి నమిలినట్టు ఉంటుంది. అందుకని కాల్చే ముందు ఒక దినమంతా ఉప్పునీళ్లలో ముంచి ఉంచాలి. ఉప్పు మాంసంలోకి దిగుతుంది, దిగుతూ నీళ్లను కూడా వెంట తీసుకుపోతుంది, ఇక ఎంత సెగ పెట్టినా మాంసం తడి వదలదు. ఆ నీళ్లు ఐస్ వేసి చల్లగా ఉంచాలి, లేకపోతే మురిగిపోతుంది. ఆ ఐస్ ఉప్పునీళ్లలో మోచేతుల దాకా చేతులు పెట్టి నలభై కోళ్లను అటూ ఇటూ తిప్పే పనికి ఎవరూ ముందుకు రాకపోతే, కొత్తవాడినని నన్ను తోశారు. మూడు పండుగలు తిప్పాను. కాల్చే పొయ్యి దగ్గరికి మాత్రం ఒక్కనాడూ రానివ్వలేదు. ఇంటికి ఉత్తరంలో ఏం రాశానంటే, "నన్ను టర్కీ సెక్షన్‌కు ఇంచార్జిని చేసిండ్రు, ఫికర్ చెయ్యకు."

ఆ ఉత్తరం చదివింది మా ఆమె. పెళ్లయిన నాలుగో నెలలోనే నేను విమానం ఎక్కాను, కాబట్టి మూడేళ్ల మా సంసారమంతా ఉత్తరాల్లోనే జరిగింది. (ఉత్తరాల్లో నేను చాలా మంచి భర్తను. అబద్ధాలు పోగా మిగిలినదాంట్లో కూడా మంచివాడినే.) తిరిగొచ్చిన రోజు తను నా చేతులు పట్టుకుని చూసింది. ఉప్పుకు పగిలి, మానీ మానక, వేళ్ల సందుల్లో తెల్లటి గీతలు. ఆముదం రాస్తూ ఒకే మాట అడిగింది.

"వంట జేసేటోని చేతులు గిట్లుంటయా?"

"ఆవిరి తగిలి గట్లయినయ్" అన్నాను. మళ్లీ అడగలేదు. నేను నమ్మించాననుకున్నాను. మగవాడికి తన అబద్ధం మీద ఉన్నంత నమ్మకం భార్య మీద ఉండదు కదా.

ఏడాదిన్నర ఇంట్లోనే ఉన్నాను. మా బాపు వెంట పసుపు చేన్లకు పోవడం, తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబోయడం. చేతులు మెల్లగా మామూలయ్యాయి. మా ఆమె నవ్వడం ఎలా ఉంటుందో ఆ ఏడాదిన్నరలోనే చూశాను. కానీ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ప్రతివాడూ "మల్లెప్పుడు పోతున్నవ్?" అని అడిగేవాడు. అది పరామర్శ అనుకుంటే పొరపాటు. పోనివాడు మా దిక్కు అప్పట్లో సగం మనిషి కిందే లెక్క. ఇంట్లో కూర్చుని పసుపు కొమ్ములు విరుస్తుంటే నాకు నేనే చిన్నబోయేవాణ్ని. అలాంటప్పుడు బొంబాయి మామ వచ్చాడు. ఆయన ఎవరికీ మామ కాడు. వారానికోసారి బొంబాయి పోయి వీసాలు పట్టుకొచ్చే ఏజెంటు కాబట్టి ఆ పేరు, అందరినీ "అల్లుడా" అని పిలిచేది కూడా ఆయనే. అరుగు మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతూ చెప్పాడు.

"మస్కట్ దిక్కు ఒక క్యాంపుల కుక్ పోస్టు వడ్డది అల్లుడా. ఒకటే పోస్టు. క్యాంప్ బాసు మలయాళపాయన, ఆయితారం గిటునుంచే పోతుండు. అండింది తిని సూసి సంతకం వెడతడట. గాళ్లకు టర్కీ కోడి రావాలె. నీకొస్తదా?"

"రాకేంది మామా? పండుగ పండుగకు నలభై కోళ్లు నా చేతులకేలే పోయినయ్" అన్నాను. ఇది అబద్ధం కాదు చూడండి. నా చేతుల్లోంచే పోయాయి. ఎటు పోయాయో మాత్రం చెప్పలేదు.

ఆయన పోయాక మా ఆమె చాయ్ గ్లాసు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది: "పోకుంటె ఏమైతది? చేనున్నది. ఇద్దరం జేసుకుంటె ఎల్లదా?"

"గియ్యన్ని నీకు తెల్వయ్ తియ్యి" అన్నాను. ఆ ఒక్క ముక్కతో మాట్లాడవలసిందంతా మాట్లాడేశాననుకున్నాను.

ఇక కోడి. ఆర్మూర్‌లో టర్కీ కోడి ఎక్కడ దొరుకుతుంది? నందిపేట్ దిక్కు ఒక తోట ఆసామి హైదరాబాద్ నుంచి నాలుగు తెచ్చి సోకుకు పెంచుతున్నాడని తెలిసి పోయాను. బతిమాలి, హెడ్ కుక్‌నని నమ్మబలికి, ఒకదాన్ని సంపాదించాను. దాన్ని షేర్ ఆటోలో తెచ్చిన ప్రయాణాన్ని మా దిక్కు చాన్నాళ్లు చెప్పుకున్నారు. నా ఒళ్లో కూర్చుని అది మెడ బయటికి పెట్టి, దారిలో వచ్చే ప్రతి లారీకి జవాబు చెప్పేది. పక్కన కూర్చున్న ముసలాయన చాలాసేపు చూసి, "గిది గద్దనా బిడ్డా, నెమలా?" అని అడిగాడు. "టర్కీ" అన్నాను. "పేరు గాదు, జాతి అడిగిన" అన్నాడు. కోయించడానికి కోళ్ల దుకాణానికి తీసుకుపోతే అక్కడాయన కత్తి పక్కన పెట్టి, "నెమలి గిట్ల అయితె నేను ముట్ట భాయ్, జైల్ల ఏస్తరు" అని భీష్మించాడు. కాదని ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది. తోలు తీయొద్దు, ముక్కలు కొట్టొద్దు, నిండు కోడి కావాలంటే నన్ను ఎగాదిగా చూసి, "గిది అండేటందుకా, ఫోటో దిగేటందుకా?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం పెరట్లో గోలెం (నీళ్లు పోసుకునే పెద్ద మట్టి తొట్టి) కడిగి పెట్టాను. ఇత్తడి గంగాళం ఉన్నా ఉప్పుకు చిలుమెక్కుతుందని తెలుసు. నా విద్యలో నాకు తెలిసిన భాగం అదొక్కటే, అందుకని చాలా నిష్ఠగా చేశాను. నీళ్లు కొలిచి, దొడ్డుప్పు గ్లాసులతో కొలిచి, బెల్లం కరిగించి, మిరియాలు, బిర్యానీ ఆకు, బత్తాయి తొక్కలు వేసి మరిగించి చల్లార్చాను. సోడా దుకాణం నుంచి ఐస్ గడ్డ రంపపు పొట్టులో చుట్టి తెచ్చి, కడిగి పగలగొట్టి వేశాను. మా అమ్మ వచ్చి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగున్నది, తియ్యగున్నది. గిది పానకమా, తొక్కా?" అంది. తొక్కంటే మా దిక్కు పచ్చడి. "అమ్మా, గిది విద్య" అన్నాను. కోడిని ముంచి, పైన రాయి పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి గోలెంలో నీళ్లు పచ్చగా, గంధంలా మెరుస్తున్నాయి. మా అమ్మ చేతిలో పసుపు డబ్బా.

"ఏం జేసినవమ్మా!"

"అరే, పసుపు మరిసినవ్ గదా బిడ్డా, అందుకే ఏసిన. ఆర్మూర్ల పుట్టి, ఇంటెనుక మార్కెట్ వెట్టుకోని, కౌసుకు పసుపు పెట్టకుంటె నలుగురు ఏమనుకుంటరు? పసుపు లేకుంటె నంజెక్కుతది."

ఏం చెప్పాలి? టర్కీ తెల్లగా కాలి బంగారు రంగుకు తిరగాలి, ముందే పచ్చగా ఉంటే కామెర్ల కోడి అనుకుంటారని ఆమెకు ఎలా చెప్పాలి? నీళ్లన్నీ పారబోసి, కోడిని సబ్బొక్కటి తక్కువగా కడిగి, మళ్లీ ఉప్పు, మళ్లీ బెల్లం, మళ్లీ ఐస్. అంతా అయ్యాక గోలెం ముందు నిలబడి గట్టిగా ప్రకటించాను: రేపు సాయంత్రం దాకా దీన్ని ఎవరూ ముట్టొద్దు, చూడొద్దు, ఒక్క గింజ కూడా వేయొద్దు. మా ఆమె గడపలో కూర్చుని అంతా చూసింది. కాసేపటికి, "రేపటిదాక ఉప్పుల వెట్టి ఏం జేస్తరు దాన్ని?" అని మెల్లగా అడిగింది. నేను చిరాకులో ఉన్నాను. "నీకెందుకు? నువ్వు రొట్టెలు జేసుకో" అన్నాను.

శనివారం పొద్దున గోలెం చూసుకున్నాను. నీళ్లు తేటగా, చల్లగా, కోడి హాయిగా పడుకుని ఉంది. కొత్త ఐస్ వేసి, బట్ట కట్టి చేనుకు పోయాను. బాపు అక్కడే ఉండి పసుపు ఉడకబెట్టిస్తున్నాడు, ఆయన దగ్గర పాత ఇనుప డ్రమ్ము ఒకటి ఉంది. దానికి కింద తలుపు కోయించి, నడుమ జాలీ వేయించి, మక్క బెండ్లు (గింజలొలిచిన మొక్కజొన్న కంకులు) రగిల్చి, ఆ పొగలో కోడిని కాల్చాలని నా లెక్క. అమ్మ కూడా బాపుకు సద్ది తీసుకుని నా వెంటే వచ్చింది. వెల్డింగ్ దుకాణంలో డ్రమ్ము పని అయ్యేసరికి మూడు దాటింది. డ్రమ్మును ఎడ్లబండి మీద వేసుకుని, అమ్మను ఎక్కించుకుని, మనసులో మస్కట్ పోయి వస్తూ, పెరటి తలుపు తోశాను.

పెరట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా బట్టలారేసుకునే దండెం. దాని మీద బట్టలు లేవు. వరసగా, తీరుగా, వేలెడు వెడల్పున, జానెడు పొడవున, మాంసం పట్టీలు వేలాడుతున్నాయి. పసుపు, కారం రాసి ఉన్నాయి. పైన కాకులు రాకుండా పాత చేపల వల కప్పి ఉంది. గోలెం బోర్లించి ఉంది. రోలు పక్కన కుండలో ఎముకలు. మా ఆమె నీడలో కూర్చుని కత్తిపీట కడుగుతోంది.

ఒక్క క్షణం భాష మరిచిపోయాను. (వచ్చిన అరబ్బీ ముక్కలు కూడా.)

"ఏందే గిది?"

"వరుగులు" అంది, పొద్దు పొడిచింది అన్నంత మామూలుగా. "ఉప్పుల ఏసినవంటె ఎండవెట్టెటందుకే అనుకున్న. మల్ల నువ్వు ఆలిస్యమైతివి. ఎండ వోతుంటె కోసి ఏసిన."

మా దిక్కు ఏ ఇంట్లోనైనా ఇదే లెక్క. ఉప్పు పెట్టిన మాంసం ఎండకు పోవాల్సిందే, వానాకాలం దాకా దాచుకుని తినాల్సిందే. ఎండబెట్టడానికి కాకపోతే మాంసాన్ని ఉప్పులో వేయడం ఏమిటి, ఎవరైనా అదే అనుకుంటారు. ఇంటావిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదని ఇవాళ రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం నా నోరు ఊరుకోలేదు. మార్కెట్ గల్లీ అంతా వినేలా అరిచాను. నోటికాడి బుక్క మన్నుల గలిపినవన్నాను. ఏం తెల్వని దాన్ని నాకు గట్టిండ్రన్నాను. ఇంకా అన్నాను, అవి రాయను. తను తల దించుకుని కత్తిపీట తుడిచింది, లోపల పెట్టింది, వల ఒక పక్క జారితే సరిచేసింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్యి కొడుకా, ఆమెకేం తెల్సు?" అంది. అలా అంటే మా ఆమె ఒకసారి తలెత్తి అమ్మ వైపు చూసింది. ఆ చూపును నేను తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మొండితనంతో డ్రమ్ము రాజేశాను. ఎందుకు రాజేశానో నన్నడగొద్దు. కోడి లేదు, కుక్కలెత్తుకుపోయాయని చెప్పాలని నిశ్చయించుకున్నాను, అయినా పొగ మాత్రం ఉండాలనిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్త డ్రమ్ము పొగ చూస్తూ అరుగు మీద కూర్చున్నాను. పది గంటలకు బొంబాయి మామ క్యాంప్ బాసును జీపులో తీసుకుని దిగాడు. బాసు లావుపాటి మనిషి, నుదుట చెమట, తిండి దగ్గర మొహమాటం లేని ముఖం. మామ డ్రమ్ములోకి తొంగి చూసి, నన్ను పక్కకు లాగి, "కోడేదిరా అల్లుడా, పొగనే అండుతున్నవా?" అన్నాడు. నేను కుక్కల సంగతి మొదలుపెట్టబోతుంటే మా ఆమె వంటింట్లోంచి పళ్లెం నిండా వరుగులు తీసుకుని వచ్చింది. నిన్నటి ఎండకు, పొద్దుటి ఎండకు సగమే ఎండినవి. నన్ను దాటుకుని పోయి డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాను పళ్ల మధ్యలోంచి.

"ఇంటికచ్చినోళ్లు ఉత్తగనే పోతరా? నువ్వు లోపటికి వోయి కూసోపో" అంది.

జాలీ మీద వరుగులు పరిచి, మక్క బెండ్ల నిప్పుల మీద అటూ ఇటూ తిప్పి కాల్చింది. కొవ్వు కరిగి నిప్పుల్లో పడి చురచురలాడింది, ఆ పొగ గల్లీ మొత్తం చుట్టేసింది, పక్కింటివాళ్లు గోడ మీదికి తలలు పెట్టారు. కాల్చినవాటిని రోట్లో ఎల్లిగడ్డ (వెల్లుల్లి) వేసి కచ్చాపచ్చాగా దంచి, పుంటికూరలో, అంటే గోంగూరలో, ఉడికించింది. మక్క రొట్టెలు వేడివేడిగా. అంతా గంటన్నరలో. క్యాంప్ బాసు మొదటి బుక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. తర్వాత ఆయన తల దించుకుని తినడం మొదలుపెడితే మూడో రొట్టె దాకా తల ఎత్తలేదు. నేనూ ఒక ముక్క తిన్నాను. ఉప్పు మాంసం నడుమ దాకా, సమంగా, ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా తక్కువ కాకుండా దిగింది. పొగ వాసన, పుల్లదనం, బెల్లం తాలూకు చిన్న తీపి. ఉప్పు పెట్టింది నేను కదా అని ఆ క్షణంలోనే ఛాతీ కాస్త పొంగింది, ఎంత సిగ్గులేని ఛాతీయో.

బాసు వేళ్లు నాక్కుంటూ తన మలయాళపు హిందీలో అడిగాడు, ఇది ఎవరు వండారని. మామ నా వైపు చూశాడు. మా ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

"నేనే సార్" అన్నాను.

ఆమె ఆయన గ్లాసులో నీళ్లు పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. దొరలకు టర్కీ కాల్చేవాడు క్యాంపులో ఎప్పటినుంచో ఉన్నాడట. ఆయన వెతుకుతున్నది మా దిక్కు నుంచి పోయిన మూడు వందల మంది కూలీల మెస్సుకు వంటవాణ్ని. అక్కడి తిండి సహించక వాళ్లు పళ్లేలు పళ్లేలు పారబోస్తున్నారట, పని నడవడం లేదట. టర్కీ అన్న మాట ఎక్కడో ఒకసారి చెవిన పడితే బొంబాయి మామ దాన్నే పోస్టు చేసేశాడు. "ఇలాంటి కూర పెడితే వాళ్లు ఇంటికి పోతామనే మాట ఎత్తరు" అని నవ్వి క్యాంప్ బాసు అక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు. వాళ్ల సంగతేమో గానీ, నా ఇంటికి పోయే దారి మాత్రం ఆ సంతకంతో మూసుకుపోయింది.

జీపు పోయాక ఏం చేశాను? ఆమెకు దండం పెట్టానా? పెట్టలేదు. "సూసినవా, ఎట్లనో ఒకట్ల అయ్యింది" అన్నాను, అదృష్టం నాదే అన్నట్టు. ఆ సాయంత్రానికి అసలు భయం పట్టుకుంది. మూడు వందల మందికి వండాలి, నాకు వండడం రాదు. వీసా చేతికి రావడానికి నలభై దినాలు. రెండు దినాలు మింగలేక కక్కలేక తిరిగి, మూడో నాడు వంటింటి గడపలో నిలబడి నిజం చెప్పాను. గిన్నెలు తోమానని, చేతులు ఉప్పుకే పగిలాయని, పొయ్యి దగ్గరికి ఎవరూ రానివ్వలేదని. తను రొట్టె తిప్పుతూ వింది.

"ఎరికే" అంది. "కూసో. ముందుగాల ఎల్లిగడ్డ కారం నేర్సుకో."

మిగిలిన దినాలన్నీ నేర్పింది. పుంటికూర, పచ్చిపులుసు, పప్పుచారు, వరుగుల కూర, కారం ఎప్పుడు వేయాలి, పోపు ఎప్పుడు దించాలి, మాడితే ఎలా సరిచేయాలి. ఏ ఒక్కటీ దాచలేదు. నేను తప్పు చేస్తే గిన్నె ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి చేయించింది. చివరి రోజు నేను వండింది రుచి చూసి, గరిటె కింద పెట్టి, "ఇగ నీకు నాతోటి పనిలేదు" అంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకుని సంబరపడ్డాను. అంత బాగా నేర్పింది కాబట్టే అక్కడ పదకొండేళ్లు నిలబడ్డాను. సగం నేర్పి పంపినా ఆరు నెలలకు వెళ్లగొట్టేవాళ్లు, ఇంటికొచ్చి పడేవాణ్ని. పదకొండేళ్లలో నాలుగుసార్లు వచ్చాను, ఉన్న దినాలన్నీ కలిపితే ఏడాది నిండదు. మా బిడ్డ నడక నేర్వడం చూడలేదు, పలక పట్టడం చూడలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు అది బడి నుంచి వచ్చి, వాళ్లమ్మను పక్కకు పిలిచి, "ఈయన ఎన్నిరోజులుంటడు?" అని అడగడం విన్నాను. అడిగినదాంట్లో కోపమేమీ లేదు, అదే నాకు మింగుడుపడలేదు. క్యాంపులో మాత్రం మనవాళ్లు కూర నోట్లో పెట్టుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు, "అన్నా, ఇంటికి వోయినట్టే ఉన్నది" అనేవాళ్లు. ఎవరి ఇంటికో నాకు తెలుసు.

శాశ్వతంగా తిరిగొచ్చాక కూడా ఒక ప్రశ్న నా గొంతులో చాన్నాళ్లు ఉండిపోయింది. అడగడానికి ధైర్యం రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఒకనాడు పెరట్లో తను పుంటికూర ఆకు తెంపుతుంటే పక్కన కూర్చుని నేనూ తెంపుతూ, నవ్వులాటగా అన్నట్టే అడిగాను: "నిజం జెప్పు. ఆ టర్కీ కోడిని వరుగులేసుడు తెల్వక జేసినవా, తెల్సే జేసినవా?"

తను చేతిలో కట్ట పూర్తిచేసి, కాడలు పక్కకు తోసి, అప్పుడు చెప్పింది.

"చెడగొడదామనే కోసిన. అండేటప్పుడు మాత్రం చెడ్డగ అండనీకె చెయ్యి రాలే."

చెప్పి ఇంకో కట్ట అందుకుంది. నేనూ ఒకటి అందుకున్నాను. ఏమైనా అనడానికి అప్పటికే ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పుడు ఒక్కోసారి ఆ ఆదివారం నాటి నన్ను తలుచుకుంటాను. ఇస్త్రీ చొక్కా, దువ్విన క్రాఫు, గెలిచానని పొంగిపోతూ "నేనే సార్" అంటున్న ఇరవై ఆరేళ్ల మొనగాడు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది, వెంటనే జాలేసి నవ్వూ వస్తుంది. పిచ్చోడు, ఆ రోజు అంతసేపూ క్యాంప్ బాసు ముఖమే చూశాడు తప్ప పక్కన నిలబడి నీళ్లు పోస్తున్నామె ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. చూసినా వాడికి అర్థమయ్యేది కాదులెండి.